బంద్ రోజుల్లో గినీపిగ్ పళ్ళు

గినీపిగ్‌కు పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయని నాకు నలభై రెండేళ్ళు వచ్చేదాకా తెలియదు. తెలియకపోవడం నా తప్పు కాదనే ఇప్పటికీ వాదిస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో సందుకో కోచింగ్ సెంటర్ ఉంది. అడుగడుగునా చీరల దుకాణాలున్నాయి. మోచేతులు ఎలా వాడాలో నేర్పే బస్టాపులున్నాయి. గినీపిగ్‌ను ఎలా సాకాలో చెప్పే మనిషి మాత్రం ఆ రోజుల్లో ఒక్కరూ లేరు.

మా అమ్మాయి పదో తరగతి పరీక్షలయ్యాక సెలవుల్లో దాన్ని తెచ్చుకుంది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలతో, రెండు అరచేతుల్లో పట్టేంత ఉండేది. తోక లేదు. రెండు నెలలు ముద్దు చేసి, జూన్ రాగానే పిల్ల ఇంటర్ హాస్టల్‌కు వెళ్ళిపోయింది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ముందు "అది తిన్నదా?" అని అడిగేది. కన్నతల్లి తిన్నదా లేదా అన్నది ఆ పిల్లకు ఏనాడూ పట్టలేదు. మా ఆయన చీరల దుకాణంలో పని చేస్తాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తమ్మా, ఆ జంతువూ.

అత్తమ్మ మొదట్లో దాని ముఖం కూడా చూసేది కాదు. "పేరుల పంది, చూస్తె ఎలుక. గిసొంటిదాన్ని దేవుడున్న ఇంట్ల పెట్టుకుంటరా?" అని వారం రోజులు గొణిగింది. ఒకరోజు ఆమె మార్కెట్ నుంచి వచ్చి కొత్తిమీర కవరు విప్పుతుంటే, ఆ చప్పుడుకు డబ్బాలోంచి అది ముందుకాళ్ళెత్తి లేచి నిలబడి, ఈల వేసినట్టు గట్టిగా అరిచింది. అత్తమ్మ ఉలిక్కిపడి చూసింది. కవరు మళ్ళీ కదిపింది. అది మళ్ళీ అరిచింది.

"నన్నే పిలుస్తున్నదే!" అంది నాతో, ముఖమంతా వెలిగిపోతూ. ఆ రోజు నుంచి అది ఆమెకు 'పోరి' అయింది. నేను ఆఫీసు నుంచి వస్తే చెప్పే కబుర్లన్నీ పోరి గురించే.

అత్తమ్మ పోచంపల్లి దగ్గరి ఊళ్ళో మగ్గాల మధ్య పెరిగిన మనిషి. చూపు మందగించేదాకా నూలు పనే చేసింది. పోగులో చిన్న ముడి కనిపించినా తీసిపారెయ్యకుండా ఉండలేని వేళ్ళు ఆమెవి. ఆకుకూర ముందేసుకుని కూర్చుంటే ఆ వేళ్ళు ఊరుకుంటాయా? ఒక్కొక్క ఆకూ గిల్లి, కాడ అన్నది లేకుండా లేతవి ఏరి పోరికి పెట్టేది. కాడలు మా పప్పులోకి వచ్చేవి. మా ఇంట్లో మనుషులం కాడలు నమిలాం, గినీపిగ్ లేత ఆకులు తిన్నది. ఇంతకన్నా బాగా ఎవరు చూసుకుంటారని ఇద్దరం మురిసిపోయాం కూడా.

కొన్ని నెలలకు అది తిండి తగ్గించింది. ఆకు నోట్లో పెట్టుకుని వదిలేసేది. అత్తమ్మ దాని పొట్ట నిమిరి చూసి, "కడుపు కరాబైంది. ఒక్క దినం ఏం పెట్టకు, మంచిగైతది" అని తేల్చేసింది. మా ఇళ్ళల్లో కడుపుకు ఏ తేడా వచ్చినా మొదటి మందు పస్తే. నేనూ అలాగే పెరిగాను కాబట్టి సరేనన్నాను. ఇద్దరం కలిసి దాని డబ్బాలోంచి తిండంతా తీసేశాం.

మర్నాడు పొద్దున చూస్తే గడ్డం కింద చొంగతో తడిసి, బొచ్చంతా నిక్కబొడుచుకుని మూలకు ముడుచుకుని ఉంది. కవరు కదిపినా అరవలేదు. అప్పటికప్పుడు తువ్వాలు పరిచిన బుట్టలో పెట్టుకుని, అత్తమ్మను వెంటబెట్టుకుని, ఆటోలో ఎల్బీనగర్ పరుగెత్తాను. అక్కడ ఒక పశువుల డాక్టర్ చిన్న జంతువుల్ని కూడా చూస్తారని ఆఫీసులో ఎవరో చెప్పగా విన్నాను.

ఆయనది కోస్తా వైపు. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డారు. కింద క్లినిక్, పైన ఇల్లు. పోరిని చూసీ చూడగానే అడిగారు.

"ఏంటండీ ఇది? తిని ఎంతసేపయింది?"

"నిన్న పొద్దున్నుంచి పస్తుంచినం సార్" అన్నాను, ఏదో మంచి పని చేసినట్టే.

"పస్తా!" ఆయన స్టెతస్కోపు బల్ల మీద పెట్టేశారు. "మనిషి ఒకపూట పస్తుంటే తేలికపడతాడండీ. దీనికి కడుపు ఖాళీ అయితే పేగులు ఆగిపోతాయి. ఒకసారి ఆగాయా, ఇక దాన్ని బతికించడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు."

చెవులు చూసే చిన్న లైటు గొట్టాన్ని దాని నోట్లో పెట్టి చూసి, నన్నూ చూడమన్నారు. దవడ పళ్ళు రెండు వైపుల నుంచీ వంగి, నాలుక మీద వంతెన కట్టినట్టు కలుసుకుంటున్నాయి. నాలుక కదిలే వీలు లేదు. దానికి ఆకలి ఉంది, మింగే దారి లేదు. అలాంటిదాన్ని మేము రోజంతా పస్తు పడుకోబెట్టాం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏం పెడతారు దీనికి?"

"ఒక్క కాడ లేకుంట, అన్ని లేత ఆకులే సారూ" అంది అత్తమ్మ గర్వంగా.

డాక్టర్ నుదురు పట్టుకున్నారు. "కాడలే పెట్టాలమ్మా! గడ్డి, కాడలు, పీచున్నవి. గట్టివి నమిలితేనే దాని పళ్ళు అరుగుతాయి."

"గట్లనా? మరి గా కాడలన్ని మేం తింటిమి గద!"

"మీ పళ్ళు బావుంటాయి లెండి" అన్నారాయన, నవ్వకుండా.

ఆ రోజు కొద్దిగా మత్తిచ్చి పళ్ళు కత్తిరించి అరగదీశారు. ఒకసారి వంకర పెరిగిన పళ్ళు మళ్ళీ అలాగే పెరుగుతాయనీ, నాలుగు వారాలకోసారి తీసుకురావాల్సిందేననీ, చేసిన ప్రతిసారీ మూడు రోజులు మూడు గంటలకోసారి ఆకుకూర మెత్తగా నూరి సిరంజితో నోట్లో పెట్టాలనీ చెప్పారు. విటమిన్ సి చుక్కలు రోజూ వెయ్యాలి. బరువు రోజూ చూడాలి. తగ్గితే పరుగున రావాలి. ఇల్లు చేరాక అత్తమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, "నేనే జేసిన పోరీ, నేనే జేసిన" అని ఏడ్చింది.

అక్కణ్ణుంచి మా ఇంటి తీరే మారిపోయింది. తెల్లారగానే అత్తమ్మ పక్కవీధి ఖాళీ ప్లాటులో గరిక కోసుకొచ్చేది. రోజూ అంత గరిక ఎందుకో తెలియక, ఈమె ఏదో పెద్ద గణపతి పూజ పట్టిందని వాడకట్టంతా అనుకున్నారు. ఒకావిడ ప్రసాదం కూడా అడిగింది. కూరగాయల బండి ఆమె రాగానే అత్తమ్మ పోరిని ఎత్తుకుని వాకిట్లోకి వెళ్ళి, "జర జోకు బిడ్డా" అని తక్కెడలో కూర్చోబెట్టేది. టమాటాల వాళ్ళూ బెండకాయల వాళ్ళూ ఆగి చూసేవాళ్ళు. బరువు కొంచెం పెరిగితే చాలు, ఆ పూట మా ఇంట్లో పండగే. నాకు ఆఫీసులో పదిహేనేళ్ళ తర్వాత ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా ఇంట్లో అంత సంబరం లేదు.

ఇలా మూడు నాలుగు సార్లు ఎల్బీనగర్ వెళ్ళొచ్చేసరికి సమ్మె మొదలైంది.

నేను ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటును. తెలంగాణ కోసం ఆఫీసులకు తాళాలు వేసి అందరం రోడ్డెక్కాం. బస్సులు డిపోలు దాటడం మానేశాయి. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర మా శిబిరం. రోజూ పాటలు, డప్పులు, ఉపన్యాసాలు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పులు. నా జన్మలో అంత హుషారుగా ఎప్పుడూ లేను. ఫైళ్ళ వెనక మాట్లాడకుండా కూర్చునే మనిషిని, పిడికిలెత్తి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. శిబిరంలో రిలే నిరాహార దీక్షలు. వంతుల వారీగా రోజుకు పన్నెండు మందిమి మెడలో దండలు వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళతో కూర్చునేవాళ్ళం.

నా మొదటి వంతు సరిగ్గా పోరికి పళ్ళు అరగదీయించిన మర్నాడే పడింది. మూడు గంటలకోసారి సిరంజి పట్టాలి. అత్తమ్మకు చేతులు వణుకుతాయి, ఆ పని నాదే. దీక్ష మానుకునేది లేదు, పోరిని మాడ్చేది లేదు. బుట్టతో సహా శిబిరానికి వెళ్ళిపోయాను. ఆటో అతను బుట్టలోకి తొంగిచూసి, "గిది గూడ ఉద్యమంల ఉన్నదా మేడమ్?" అన్నాడు.

దండ మెడలో వేసుకుని, బుట్ట ఒళ్ళో పెట్టుకుని, నూరిన కొత్తిమీర సిరంజిలోకి లాగుతుంటే శిబిరమంతా నా చుట్టూ మూగింది. మా పెద్ద సూపరింటెండెంట్ గారు, ఆఫీసులో నవ్వగా ఎవరూ చూడని మనిషి, కళ్ళజోడు సవరించుకుని అడిగారు.

"ఏందమ్మా, దీక్షల కూసోని తినిపిస్తున్నవ్? ఈమె మన లిస్టుల లేదా?"

"ఈమెకు మినహాయింపు సార్. ఈమె పస్తుంటె పానం పోతది."

"గట్లైతె పెట్టు పెట్టు. మనందరి వంతు ఆమెనే తిననీ."

అందరూ పగలబడి నవ్వారు. ఆకలి కడుపులతో చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒక్కొక్క చుక్కా లోపలికి పోతుంటే "ఆఁ, మింగింది... ఇగో ఇంకోటి" అంటూ లెక్కపెట్టారు. ఆ రోజు నుంచి నేను ఎప్పుడు కనిపించినా, ముందు పోరి క్షేమం అడిగాకే నా సంగతి.

ఇప్పుడు చెప్పాల్సింది నాకు ఇష్టం లేని భాగం.

సమ్మె నెల దాటాక ఒక రెండు రోజుల బంద్ వచ్చింది. మొదటి రోజు మా గుంపు దుకాణాలు మూయిస్తూ తిరిగింది. నేనూ ఉన్నాను. మందుల దుకాణాలనూ, దవాఖానలనూ ముట్టుకోవద్దని ముందే అనుకున్నాం. సందు మలుపులో మా డాక్టర్ గారి క్లినిక్ తెరిచి ఉంది. లోపల ఒకాయన కుక్కను పట్టుకుని కూర్చున్నాడు. మా ముందున్నవాళ్ళు ఆగారు.

"గిది గూడ దవాఖాననే గద?" అన్నాడొకాయన.

"పశువులది గదనే. గిది లెక్కల రాదు" అన్నాడింకొకాయన.

అటో ఇటో తేలకుండా ఒక్క క్షణం అందరూ నిలబడ్డారు. ఆ క్షణంలో నోరు తెరవాల్సిన మనిషిని నేనే. అది దవాఖానేనని అక్కడున్న అందరికన్నా నాకు బాగా తెలుసు. కానీ ఆయన ఆంధ్రా మనిషి. నేను అడ్డుపడితే నన్ను ఆ పక్షం అనుకుంటారేమోనని భయపడ్డాను. వెనక వరసలో నిలబడి చెప్పులకేసి చూశాను. డాక్టర్ గారు బయటికొచ్చి అందరినీ చూశారు, నన్నూ చూశారు. కుక్కనూ దాని మనిషినీ పంపించేసి షట్టర్ దించుకున్నారు.

మర్నాడు, బంద్ రెండో రోజు, పొద్దున అత్తమ్మ కవరు కదిపితే పోరి అరవలేదు. గడ్డం తడిసి ఉంది. సిరంజి పెడితే కొత్తిమీర రసం పక్కనుంచి కారిపోయింది. పళ్ళు ఈసారి ముందే పెరిగిపోయాయి. గడువుకు ఇంకా నాలుగు రోజులుందని నేను ధీమాగా ఉన్నాను. డాక్టర్‌కు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆ రోజు మళ్ళీ నా దీక్ష వంతు. ఆటోలు లేవు, ఏమీ లేవు. బుట్ట చంకన పెట్టుకుని, అత్తమ్మతో కలిసి నడక మొదలుపెట్టాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఆ రోడ్డును అంత ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. చైతన్యపురి దాటాం, కొత్తపేట పండ్ల మార్కెట్ దాటాం. అత్తమ్మ డెబ్బై ఏళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నాకన్నా ముందు నడుస్తోంది. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి "ఊపిరాడుతున్నదా?" అని అడుగుతోంది. నేను తువ్వాలు తీసి చూస్తున్నాను. ఆడుతోంది. పదండి అనుకుని మళ్ళీ నడుస్తున్నాం.

క్లినిక్ షట్టర్ వేసి ఉంది. "సార్! సార్!" అని నేను పెట్టిన కేకలకు డాక్టర్ గారు పై అంతస్తు పిట్టగోడ దగ్గరికి వచ్చారు.

"మేడమ్, ఇవాళ బంద్ కదండీ" అన్నారు. పిట్టగోడ మీదుగా బుట్టను చూసి, "మీకు తెలియంది కాదు" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది.

"తినలేదు సార్. నిన్న రాత్రి నుంచి ఏం తినలేదు."

"ఇప్పుడు నేను షట్టర్ ఎత్తితే మీవాళ్ళొచ్చి అడుగుతారు. ఇంట్లో ఆడవాళ్ళున్నారండీ. సామానంతా కిందే ఉంది, దారి ఈ ఒక్క షట్టరే. నన్నేం చెయ్యమంటారు?" ఆయన గొంతులో కోపం లేదు. భయం ఉంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "మీవోళ్ళంటే ఎవలే?"

నిన్న జరిగింది చెప్పేశాను. దాచడానికి వేళ కాదు. ఆమె బుట్ట నా చేతుల్లోంచి లాక్కుంది.

"నెల దినాల సంది రోడ్ల మీద ఒర్రుతున్నవు గద! నిన్న ఏమైందే నీ నోటికి?"

శిబిరం అక్కడికి రెండు వందల అడుగులు. పరుగెత్తాను. నలభై రెండేళ్ళ దాన్ని, చెప్పులు చేత పట్టుకుని, నడిరోడ్డు మీద పరుగెత్తాను. శిబిరంలో అప్పటికే పదకొండు మంది దండలు వేసుకుని కూర్చున్నారు, నా చోటు ఖాళీగా ఉంది. ఎవరో ఉపన్యాసం ఇస్తున్నారు. ఆయన మాట పూర్తి కాకుండానే మైకు లాక్కున్నాను.

"నిన్న మనం పశువుల దవాఖాన షట్టర్ దింపించినం. నేన్ గాడనే ఉన్న. అది దవాఖాననే అని తెల్సి గూడ నోరిప్పలె. ఆంధ్ర డాక్టర్‌కు వత్తాసు పలికిందంటరని భయపడ్డ. తప్పు నాది. ఇప్పుడు నా పోరి సావుబతుకుల్ల ఉన్నది. ఆ షట్టర్ లేవాలె."

లౌడ్ స్పీకర్లలో నా గొంతు చౌరస్తా అంతా మోగింది. తిడతారనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను. సూపరింటెండెంట్ గారు దండ సవరించుకుంటూ లేచారు.

"ముందుగాల చెప్తె అయిపోవు గదమ్మా. నడువుర్రి" అన్నారు.

పదకొండు మందీ లేచారు. వాళ్ళ వెనక మిగతా శిబిరం, వాళ్ళ వెనక డప్పులు. ఆ సందులో అంత జనం వస్తుంటే పైన డాక్టర్ గారి ముఖం పాలిపోయింది. సూపరింటెండెంట్ గారు అది గమనించి డప్పులు ఆపించి, రెండు చేతులూ జోడించారు. "డాక్టర్ సాబ్, నిన్నటిది మాతోనే తప్పైంది. తెరువుర్రి. ఎవ్వరన్న అడిగితె మేం గీడనే ఉన్నం."

డాక్టర్ గారు దిగివచ్చి లోపలి నుంచి తాళం తీశారు. బయటి నుంచి నలుగురు పట్టి షట్టర్‌ను నడుం ఎత్తు దాకా లేపారు. నేనూ అత్తమ్మా వంగి లోపలికి దూరాం.

బల్ల మీద పెట్టి చూసి, "మత్తిస్తే తట్టుకోదండీ, బాగా నీరసించింది. మెలకువగానే చెయ్యాలి. గట్టిగా పట్టుకోండి" అన్నారు. పట్టుకున్నాను. దాని గుండె నా వేళ్ళ కింద టకటక కొట్టుకుంటోంది. ఆయన చిన్న ఆకురాయి తీసుకున్నారు. మొదటి పన్ను అరగదీస్తూ, తలెత్తకుండానే అన్నారు.

"మైకులో విన్నానండీ."

నా కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అత్తమ్మ తన కొంగుతో నా ముఖం తుడిచింది.

పళ్ళయ్యాక నొప్పి తగ్గే మందు వేసి, సిరంజితో నాలుగు చుక్కలు పట్టి, చూద్దామన్నారు. చూశాం. పావుగంట, అరగంట. అత్తమ్మ కొంగులో ముడేసుకొచ్చిన కొత్తిమీర కాడ తీసి దాని మూతి దగ్గర పట్టుకుని అలాగే వంగి నిలబడింది. పోరి వాసన చూసింది. ముఖం తిప్పుకుంది. మళ్ళీ చూసింది. కాడ చివర నోట్లోకి తీసుకుంది. దవడలు కదిలాయి. కరకరమని చప్పుడు వినిపించింది.

"తిన్నది! పోరి తిన్నది!" అత్తమ్మ షట్టర్ కిందనుంచి వంగి బయటికి కేకేసింది.

బయట సందులో గోడ నీడకు కూర్చున్న పదకొండు మంది, పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనివాళ్ళు, ఒక గినీపిగ్ కొత్తిమీర కాడ నమిలిందని లేచి చప్పట్లు కొట్టారు. సూపరింటెండెంట్ గారు ఈల వేశారు. నిజంగా వేశారు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు, రెండూ అనుకుంటాను.

డాక్టర్ గారు చేతులు తుడుచుకుంటూ వాళ్ళను చూశారు. "వీళ్ళెవరూ ఏమీ తినలేదా?"

"లేదు సార్. సాయంత్రం దాక తినరు."

"మీరూనా?"

"నేను సుత."

ఆయన షట్టర్ దగ్గరికి వెళ్ళి, నడుం ఎత్తులో ఆగి ఉన్నదాన్ని రెండు చేతులతో పట్టి పైదాకా నెట్టారు.